అందరికీ ఒకే పర్సంటేజీ పెడితే గొడవ పోతుందా?

ఇన్‌కం టాక్స్ మీద ప్రశ్నలు పంపమంటే ఈసారి నల్గొండ, పాలమూరు వైపు నుంచే ఎక్కువ వచ్చాయి. కొన్నింటిలో ప్రశ్న కంటే తిట్లే ఎక్కువున్నాయి, వాటిని పక్కన పెట్టి నాలుగు తీసుకున్నాను.

ప్రశ్న: సార్, నాకు రైస్ మిల్లు ఉంది. హమాలీ, కరెంటు, బ్యాంకు వడ్డీ అన్నీ పోను ఏడాదికి 50 లక్షలు లాభం చూపిస్తా. మా ఊళ్లో బొడ్రాయి పండుగకు ఎకరానికింత అని చందా వేస్తారు. పదెకరాలున్నోళ్లు ఎకరం ఉన్నోళ్ల కంటే పదింతలు ఇస్తారు, ఎవరూ కిక్కురుమనరు. సర్కారు మాత్రం నాకు 30 శాతం, మా గుమస్తాకు సున్నా అంటది. అందరికీ 10 శాతం పెడితే లెక్క కూడా సులువు, అయిపోదా? సంపాదించడం నేరమా?
– మిల్లు యజమాని, మిర్యాలగూడ

జవాబు: నేరమేం కాదు గానీ, ముందు ఆ 30 సంగతి చూద్దాం. మీ 50 లక్షలకూ 30 శాతం పడటం లేదు. 2025-26 కొత్త పద్ధతిలో మొదటి 4 లక్షలకు మీకూ సున్నాయే, ఆ తర్వాత ఒక్కో 4 లక్షలకు 5, 10, 15, 20, 25 శాతం చొప్పున పెరుగుతూ పోయి, 24 లక్షలు దాటిన దాని మీదే 30. ఆ లెక్కన 24 లక్షల వరకు 3 లక్షలు, మిగతా 26 లక్షల మీద 7 లక్షల 80 వేలు, పైన 4 శాతం సెస్సు, మొత్తం 11,23,200 రూపాయలు. అంటే నూటికి ఇరవై రెండున్నర. తక్కువేం కాదు, ఒప్పుకుంటా.

ఇప్పుడు మీరన్నట్టే 10 శాతం పెడదాం. మీరు 5 లక్షలు కడితే చాలు, 6,23,200 మిగిలింది. మీ గుమస్తాకు నెలకు 25 వేలు ఇస్తున్నారనుకుంటే ఏడాదికి 3 లక్షలు, ఇప్పుడు సున్నా కడుతున్న ఆయన కొత్తగా 30 వేలు కట్టాలి, అంటే ఒక నెల జీతం మొత్తం పోయి ఇంకో 5 వేలు ఎక్కడో తేవాలి. మీ ఒక్కరి దగ్గర తగ్గిన డబ్బు పూడాలంటే అలాంటి గుమస్తాలు 21 మంది కావాలి. మీకు పోయేది వచ్చే ఏడాది కొందామనుకున్న ప్లాటు అడ్వాన్సులోంచి, ఆయనకు పోయేది పిల్లల ఫీజులోంచీ కిరాణా ఖాతాలోంచీ. కాగితం మీద రెండూ 10 శాతమే, మోసేవాళ్లకు మాత్రం ఒకటి కాదు.

బొడ్రాయి మాట మంచిదే తెచ్చారు, అయితే భూమి లేని ఇంటికి మీ ఊళ్లో ఎంత వేస్తారో కూడా రాయాల్సింది. అక్కడ వదిలేస్తున్నారంటే కింద ఒక గీత గీసుకున్నట్టే. టాక్సులోనూ అలా గీత గీసి, పైన ఒకే రేటు పెట్టొచ్చు కదా అంటారేమో, అదీ చూద్దాం. 4 లక్షల వరకు వదిలేసి, పైన అందరికీ 20 శాతం. మీరు 9 లక్షల 20 వేలు కడతారు, సెస్సు వదిలేసి చూసినా ఇప్పటికంటే లక్షన్నరకు పైగా తగ్గింది. మీ గుమస్తాకు తేడా లేదు. ఏడాదికి 8 లక్షలు వచ్చే బ్యాంకు ఉద్యోగి మాత్రం, 12 లక్షల వరకు టాక్సును మాఫీ చేసే రిబేటు వల్ల ఇప్పుడు సున్నా కడుతున్నవాడు, 80 వేలు కట్టాలి. ఒకే రేటు ఏ రూపంలో పెట్టినా పైన తగ్గింది వచ్చి నడిమివాళ్ల నెత్తిన పడుతుంది. ఈ పథకాన్ని మెచ్చుకునేవాళ్లు ఆ సంగతి ఎందుకో గట్టిగా చెప్పరు.

అలాగని రేటు ఎంత పెంచితే అంత న్యాయం అనే బాపతు కాదు నేను. 1973-74లో మన దేశంలో పై స్లాబుకు, అంటే అన్నిటికంటే పై ఆదాయపు మెట్టుకు, సర్‌చార్జితో (టాక్సు మీద వేసే అదనపు టాక్సు) కలిపి 97.75 శాతం ఉండేది. వందలో రెండు రూపాయల పావలా మిగిలితే ఎవరు నిజం చెప్తారు? లెక్కలు దాచడం అలవాటైంది, తర్వాత తగ్గించుకుంటూ వచ్చి 1997లో 30 దగ్గర నిలబెట్టారు. రష్యా 2001లో అందరికీ 13 శాతం అని పెట్టి చాలా పేరు తెచ్చుకుంది, మళ్లీ 2021లో ఎక్కువ సంపాదించేవాళ్లకు 15 చేసింది, 2025 నుంచి 13 మొదలు 22 దాకా ఐదు మెట్లు పెట్టుకుంది. ఎస్టోనియా మాత్రం 1994 నుంచి ఒకే రేటు మీద నడుస్తోంది, అక్కడా కింద కొంత ఆదాయాన్ని వదిలేస్తారు.

ఒకే రేటైతే సులువు అని కూడా రాశారు. స్లాబుల లెక్క మీ గుమస్తా ఐదు నిమిషాల్లో చేస్తాడు. మీ ఆడిటర్‌కు పట్టే టైమంతా ఏది ఖర్చు, ఏది కాదు, మెషీన్ల మీద తరుగుదల ఎంత అన్న దగ్గర. రేటు ఒకటైనా ఆ పని అలాగే ఉంటుంది, ఆయన ఫీజూ తగ్గదు.

ప్రశ్న: నేను గవర్నమెంట్ టీచర్‌ను. ఏటా ఫిబ్రవరి జీతంలో టాక్సు కోస్తే ఆ నెల ఇల్లు గడవడమే కష్టం. మా పక్కింటాయనకు ముప్పై ఎకరాల బత్తాయి తోట, కారు, టౌన్లో రెండు ఇళ్లు, ఒక్క రూపాయి కట్టడు. ఇదేం స్లాబు సార్?
– ఉపాధ్యాయుడు, నల్గొండ

జవాబు: మీ కోపం సబబే, స్లాబు మీద చూపించడమే సబబు కాదు. వ్యవసాయ ఆదాయానికి కేంద్రం టాక్స్ వేయలేదు, రాజ్యాంగం ఆ అధికారం రాష్ట్రాలకిచ్చింది, మన రాష్ట్రం వేయడం లేదు. 1972లో కె.ఎన్. రాజ్ కమిటీ పెద్ద కమతాల మీద పన్ను వేయొచ్చని చెప్పింది, ఓట్ల లెక్క తెలిసిన ఏ పార్టీ ఆ జోలికి పోతుంది? రేటు ఒకటే పెట్టినా, పది పెట్టినా, లెక్కలోకే రాని ఆదాయం మీద పడేది సున్నాయే.

అయితే రెండు సంగతులు. ఆయనకు ఇళ్ల అద్దెలు వస్తుంటే వాటికి టాక్స్ ఉంది, ఆ అద్దె ఆదాయం 4 లక్షలు దాటితే తోట ఆదాయాన్ని కూడా కలిపి చూసి రేటు తేలుస్తారు. రెండోది, చెట్టు మీదున్న కాయను గుత్తకు కొనుక్కుని అమ్ముకునే వ్యాపారి లాభం వ్యవసాయ ఆదాయం కింద రాదు, అది వ్యాపారమే. బోరు ఎండి చెట్లు కొట్టేసుకున్న చిన్న రైతు జోలికి ఎవరూ వెళ్లొద్దు. కానీ ముప్పై ఎకరాలాయన్నూ మూడెకరాలాయన్నూ రైతు అన్న ఒక్క మాట కింద కలిపేయడం నాకు నచ్చదు.

మీ పే స్లిప్పులో ఇంకోటి చూడండి, ప్రొఫెషనల్ టాక్స్ 200. మన రాష్ట్రంలో నెలకు 20 వేలు దాటితే అందరికీ అంతే. బట్టల షాపులో 21 వేలకు పనిచేసే పిల్లాడికీ 200, హైటెక్ సిటీలో 3 లక్షలు తీసుకునే మేనేజరుకూ 200. ఇది ఒకే పర్సంటేజీ కూడా కాదు, తలకింత. దీనిమీద మాత్రం ఒక్క ఉత్తరం రాలేదు!

ప్రశ్న: స్టాండర్డ్ డిడక్షన్ (జీతగాళ్లకు ఇచ్చే మినహాయింపు) పోను నా ఆదాయం సరిగ్గా 12 లక్షలు. ఇంక్రిమెంట్ వస్తే 12 లక్షల 10 వేలు అవుతుంది, 61 వేలు టాక్స్ పడుతుందని ఫ్రెండ్స్ భయపెడుతున్నారు. వద్దందామా? ఒకటే టెన్షన్.
– కంపెనీ ఉద్యోగి, జడ్చర్ల

జవాబు: 61 వేలు పడదు. 12 లక్షలు దాటింది 10 వేలే కాబట్టి టాక్స్ 10 వేలకు మించకుండా మార్జినల్ రిలీఫ్ ఇస్తారు, దాని మీద సెస్సు 400, మొత్తం 10,400. అవును, ఇంక్రిమెంట్ పోగా మీ జేబులోంచి 400 పోతుంది, నవ్వకండి. సుమారు 12 లక్షల 70 వేల వరకు పెరిగిందంతా ఇలాగే పోతుంది, అది దాటాక మామూలే. ఇక్కడ తప్పు స్లాబులది కాదు, 12 లక్షల దగ్గర రిబేటును ఒక్కసారిగా కోసేయడానిది. ఇంక్రిమెంట్ మాత్రం తీసుకోండి, వచ్చే ఏడాది పెంపు దాని మీదే కదా. ఆ పెరిగిన డబ్బును కంపెనీ వాటాగా ఎన్‌పీఎస్‌ అనే పెన్షన్ పథకంలో వేయమని హెచ్‌ఆర్‌ను అడిగి చూడండి, బేసిక్‌లో 14 శాతం దాకా కొత్త పద్ధతిలోనూ మినహాయింపు ఉంది.

ప్రశ్న: నేను ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. ‘మేం టాక్సులు కడుతుంటే మీరు స్కీములు తింటున్నారు’ అని మా మరిది ఎత్తిపొడుస్తుంటాడు. నిజంగా మేమేం కట్టడం లేదా?
– గృహిణి, నారాయణపేట

జవాబు: కడుతున్నారమ్మా. మీరు 11,800 పెట్టి ఫోను కొంటే అందులో 1,800 జీఎస్టీ. అదే ఫోను మీ మరిది కొన్నా, మిర్యాలగూడ మిల్లాయన కొన్నా అంతే. మొదటి ప్రశ్నలో ఆయనడిగిన ఒకే రేటు మీ ఇంట్లో ఎప్పుడో ఉంది. ఆదాయాన్ని బట్టి పెరిగే ఇన్‌కం టాక్సు పక్కన ఉంది కాబట్టే జీఎస్టీని కొంచెం ఓర్చుకోగలుగుతున్నాం, ఇన్‌కం టాక్సునూ ఒకే రేటు చేస్తే ఇక పైవాళ్లను ఎక్కువ అడిగే చోటే దాదాపు మిగలదు. మీ మరిదికి ఇది చదివి వినిపించండి. కుట్టు మిషన్ మార్చే ఆలోచన ఉంటే, 2025 సెప్టెంబర్ 22 నుంచి దాని మీద జీఎస్టీని 12 నుంచి 5 శాతానికి తగ్గించారు, షాపాయన పాత రేటే వేస్తున్నాడేమో బిల్లు అడిగి చూసుకోండి.