అరగంటకే మూగబోతున్న చిన్న యాంప్లిఫయర్

కావలి మిత్రులకు నమస్తే. టీపీఏ3116 చిప్ ఉన్న మీ యాంప్లిఫయర్ అరగంట పాడి ఆగిపోతోందని, స్విచ్ ఆపి కాసేపాగి వేస్తే మళ్లీ పలుకుతోందని రాశారు. అది పాడవలేదు. లోపలి వేడి 150 డిగ్రీల దాకా పోతే తనను కాపాడుకోవడానికి చిప్పే నోరు మూసుకుంటుంది. కొత్తది కొనే ఆలోచన మానుకోండి.

దోషి మీరు పంపిన ఫోటోలోనే ఉంది. ఒక్కో చానెల్‌కు రెండేసి 4 ఓమ్‌ల స్పీకర్లు సమాంతరంగా కలిపారు. చిప్‌ మీద పడే భారం 2 ఓమ్‌లు. ఓమ్‌లు (కరెంటుకు అడ్డు) తగ్గేకొద్దీ చిప్ ఎక్కువ కరెంటు ఇవ్వాలి. స్టీరియోలో అది మోయలేని బరువు. ఒక్కో చానెల్ నుంచి ఒక్కో స్పీకర్ విప్పేయండి. రెండూ కావాల్సిందే అంటే సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా కలపండి, 8 ఓమ్‌లవుతుంది. శబ్దం తగ్గుతుంది గానీ వేడి బాగా దిగుతుంది.

ఇక గాజు తలుపుల షోకేసులో, పైన సెట్‌టాప్ బాక్సు పెట్టి నడపడం! మే నెల ఎండల్లో మన నెల్లూరు జిల్లాలో మనుషులకే గాలాడదు. బయట పెట్టండి, చుట్టూ నాలుగు వేళ్ల ఖాళీ వదలండి. లోపల కరెంటు నిల్వ చేసే కెపాసిటర్ల ఆయుష్షు పెరిగే ప్రతి 10 డిగ్రీల వేడికీ దాదాపు సగమవుతుంది.

24 వోల్టుల అడాప్టర్ బదులు పాత ల్యాప్‌టాప్‌ది 19 వోల్టులది ఉంటే వాడి చూడండి, ఇంటికి చాలు. 26 దాటితే మాత్రం చిప్‌కే ముప్పు.

ఇవన్నీ చేశాక కూడా డప్పు దెబ్బ పడగానే ఆగితే, అది వేడి పని కాదు. టెర్మినళ్ల దగ్గర తీగ పోగొకటి పక్కదానికి తగులుతోందేమో చూడండి. సముద్రపు గాలికి రాగి పచ్చబడి ఉంటే ఆ మేరకు కత్తిరించి, కొత్తగా ఒలిచి బిగించండి.