విజయనగరం జిల్లాలో ఫెర్రో అల్లాయ్స్ (ఉక్కు తయారీలో వాడే, ఇనుముతో మాంగనీసు లాంటివి కలిసిన మిశ్రమ లోహాలు) తయారుచేసే ఫర్నేస్‌లు కరెంటుతోనే నడుస్తాయి కదా, సోలార్ పెడితే కార్బన్ పూర్తిగా ఆగిపోతుందా?

ఆగదు, ఎందుకంటే కరెంటు ఇచ్చేది వేడి మాత్రమే, ఫర్నేస్ లోపల కార్బన్ డయాక్సైడ్ వచ్చేది ఖనిజంతో కలిపి వేసే కోక్ (బొగ్గును కాల్చి తయారుచేసే, ఎక్కువగా కార్బనే ఉండే ఇంధనం) నుంచి. గరివిడి, చీపురుపల్లి వైపు దొరికే మాంగనీసు ఖనిజంలో లోహాన్ని ఆక్సిజన్ గట్టిగా పట్టుకుని ఉంటుంది. దాన్ని లాగేయడానికి కార్బన్ కావాలి. ఉదాహరణకు, మాంగనీస్ ఆక్సైడ్ నుంచి 55 కిలోల మాంగనీసు తీయాలంటే కనీసం 12 కిలోల కార్బన్ పోతుంది, అది చివరికి 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ అవుతుంది.

అలాగని కరెంటు చిన్న సంగతేం కాదు. టన్ను సిలికో మాంగనీసుకు (సిలికాన్, మాంగనీసు, ఇనుము కలిసిన ఫెర్రో అల్లాయ్) దాదాపు 4,000 యూనిట్లు కాలుతుంది. ఫర్నేస్ గ్యాస్ వేడితో ఖనిజాన్ని ముందే ఆరబెడితే అందులో కొంత మిగులుతుంది, ఇది తప్పక చేయాల్సిన పని.

పొగ కనపడకపోతే కార్బన్ లేదనుకోవడం మాత్రం పొరపాటు. బ్యాగ్ ఫిల్టర్ దుమ్మునే ఆపుతుంది, కార్బన్ డయాక్సైడ్‌ను కాదు.