ట్యూన్ మనదే, కార్డ్స్ దగ్గరే ఇబ్బంది: ఏ మిడి ప్లగిన్ కొనాలి?

మీరు అడిగింది ఇదీ: విజయవాడలో ఉంటారు, కీబోర్డ్ వినికిడితోనే నేర్చుకున్నారు, ఎఫ్ఎల్ స్టూడియోలో (కంప్యూటర్‌లో పాటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్) భక్తి పాటలు, షార్ట్ ఫిల్మ్ పాటలు చేస్తున్నారు. ట్యూన్ వస్తుంది గానీ కార్డ్స్ (ట్యూన్ కింద ఒకేసారి కలిపి మోగించే నోట్ల గుత్తులు) దగ్గర ఆగిపోతున్నారు. ఐదారు వేలలో స్కేలర్, క్యాప్టెన్ కార్డ్స్, మెలడీ తయారుచేసే ప్లగిన్లు, ఈ మిడి ప్లగిన్లలో (సాఫ్ట్‌వేర్‌కి తగిలించుకుంటే నోట్లు అందించేవి) ఏది కొనాలి, 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌ సరిపోతుందా అని.

కార్డ్స్ ప్లగిన్ ఒకటి కొనుక్కోండి. మెలడీ ప్లగిన్ జోలికి మాత్రం పోకండి.

నేను గుంటూరులో కీబోర్డ్ ప్రోగ్రామింగ్ చేస్తుంటాను. కార్తీకం దగ్గర పడుతోందంటే అయ్యప్ప పాటలు, అది అవగానే క్రిస్మస్ పాటలు, మధ్యలో షార్ట్ ఫిల్మ్‌లు, ఎన్నికలొస్తే పార్టీ పాటలు. వీటిలో దాదాపు ప్రతిచోటా ట్యూన్ ముందే ఉంటుంది. పాస్టర్‌గారు ఫోన్‌లో పాడి వాట్సాప్‌లో పంపుతారు, లేదా రాసినాయనే కూర్చుని కూనిరాగం తీస్తాడు. మనల్ని అడిగేది దాని కింద కార్డ్స్, బేస్, మధ్యలో బిట్స్. కాబట్టి మెలడీ పుట్టించే యంత్రానికి మన దగ్గర పెద్ద పనే లేదు.

పని ఉన్నా అది చేసేది మనకి సరిపోదు. ఒకసారి వేంకటేశ్వరస్వామి పాట ఒకటి చేస్తూ, ఇలాంటి ప్లగిన్ ఇచ్చిన నాలుగు బార్ల మెలడీని పాట రాసే ఆయనకి వినిపించాను. వినడానికి బాగానే ఉంది. ఆయన వేళ్లతో బల్ల మీద లెక్కపెట్టుకుని, "బాబూ, 'శ్రీనివాసా' అనాలంటే 'శ్రీ' దగ్గర, 'వా' దగ్గర, 'సా' దగ్గర నాకు ఆగే చోటు కావాలి. ఇది అన్నీ పొట్టి పొట్టి నోట్లే ఇస్తోంది. దీని మీద 'గలగల గలగల' తప్ప ఏం రాయను?" అన్నారు. గురువు ఎక్కడ, లఘువు ఎక్కడ అన్నది ప్లగిన్‌కి తెలియదు. అది స్కేల్‌లో (పాటకి ఎంచుకున్న స్వరాల వరసలో) నోట్లు, రిథమ్ ప్యాటర్న్ రెండూ కలిపి ఇస్తుంది, అంతే. రిఫర్ అనే మెలడీ ప్లగిన్ లాంటివి ఎలక్ట్రానిక్ మ్యూజిక్‌లో రిఫ్‌లకి (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న ట్యూన్ ముక్కలకి) బాగా పనికొస్తాయి. అక్కడ మాటలుండవు కదా. మన పాటలో ఇంటర్‌లూడ్‌కి ఒక ఐడియా కోసం వాడుకోవచ్చు, దానికోసం డబ్బులు పెట్టేంత లేదు.

ఇక కార్డ్స్ సంగతి. కొనేముందు ఎఫ్ఎల్‌లో ఇప్పటికే ఉన్నవి చూడండి. పియానో రోల్‌లో (నోట్లు గీసుకునే గళ్ల విండో) స్టాంప్ అనే టూల్ ఉంది, కార్డ్ రకం ఎంచుకుని క్లిక్ చేస్తే మొత్తం కార్డ్ పడుతుంది. ఆల్ట్ ఎస్ నొక్కితే స్ట్రమ్ (గిటార్ తీగలు మీటినట్టు) వస్తుంది, గిటార్ ట్రాక్‌కి ప్రాణం పోసేది అదే. ఆల్ట్ ఏ ఆర్పెజియో (కార్డ్ నోట్లు ఒక్కొక్కటిగా మోగడం), ఆల్ట్ ఈ రిఫ్ మెషీన్. మెలడీ జనరేటర్ ఎలా ఉంటుందో రుచి చూడాలంటే ఆ రిఫ్ మెషీన్ చాలు. బయట ఉచితంగా దొరికేవాటిలో రిప్‌కార్డ్ మంచిది. ఒక్కో మీటకి మీకు కావలసిన కార్డ్ కట్టిపెట్టుకోవచ్చు, తర్వాత ఒక్క వేలితో వాయించడమే. కాకపోతే అది సలహా ఇవ్వదు. ఏ కార్డ్ వేయాలో మీకు తెలిసి ఉండాలి. మీకు కావలసింది ఆ సలహానే కాబట్టి స్కేలర్ వైపు చూడమంటున్నాను.

స్కేలర్‌లో మీలాంటివాళ్లకి పనికొచ్చే గుణం, అది వినగలగడం. మీరు ట్యూన్ వాయిస్తే, లేదా ఉన్న ఆడియో పెడితే, అందులో నోట్లు చూసి ఏయే స్కేళ్లకి సరిపోతుందో జాబితా ఇస్తుంది. ఒకదాన్ని ఎంచుకుంటే ఆ స్కేల్‌లో వచ్చే కార్డ్స్ వరసగా చూపిస్తుంది. వాటిని కింద పేర్చుకుని మిడిగా పియానో రోల్‌లోకి లాగేయొచ్చు. క్యాప్టెన్ కార్డ్స్ పద్ధతి వేరు. ముందు కార్డ్స్ కూర్చుకుంటే దాని తోటి ప్లగిన్లలో బేస్, మెలడీ ఆ కార్డ్స్‌ని అనుసరిస్తాయి. కార్డ్స్‌తో పాట మొదలుపెట్టేవాళ్లకి అది హాయి. మీది ట్యూన్‌తో మొదలయ్యే పని. ఎక్స్‌ఫర్ వాళ్ల క్తూలు 39 డాలర్లకే వస్తుంది, ఒక వేలితో కార్డ్, దాన్నే ఆర్పెజియోగా తిప్పడం దాని పని. డీజే మిక్స్‌లు చేసేవాళ్లు అది కొనుక్కోవచ్చు, మీకు అవసరం లేదు.

అయితే స్కేలర్ చెప్పిందల్లా వేసేస్తే పాట చెడుతుంది. ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి.

సి శృతిలో మోహన రాగం ట్యూన్ ఉందనుకోండి. నోట్లు సి, డి, ఇ, జి, ఎ, అంటే స రి గ ప ద. ఈ ఐదూ సి మేజర్‌లో ఉన్నాయి, ఎఫ్ మేజర్‌లో ఉన్నాయి, జి మేజర్‌లోనూ ఉన్నాయి. ప్లగిన్ ఈ మూడింటినీ, వాటి మైనర్లతో సహా, మీ ముందు పెడుతుంది. మీ షడ్జమం ఎక్కడుందో దానికి తెలియదు. జి మేజర్ ఎంచుకుంటే కార్డ్స్‌లోకి ఎఫ్ షార్ప్ వస్తుంది, సి మీద అది ప్రతి మధ్యమం, పాట కల్యాణి వైపు వాలుతుంది. ఎఫ్ మేజర్ ఎంచుకుంటే బి ఫ్లాట్ వచ్చి హరికాంభోజి వాసన కొడుతుంది. కాబట్టి శృతి మీరు ముందే ఫిక్స్ చేసుకుని, ప్లగిన్‌లో సి మేజర్ చేత్తో సెట్ చేయండి.

సి మేజర్ పెట్టాక అందరికీ తెలిసిన వరసే ఇస్తుంది: సి, జి, ఎ మైనర్, ఎఫ్. జి కార్డ్‌లో బి ఉంది, ఎఫ్ కార్డ్‌లో ఎఫ్ ఉంది. రెండూ మోహనలో లేని నోట్లే. సినిమా పాటల్లో ఇలా వేస్తూనే ఉంటారు, తప్పని నేననను. కానీ గాయని పై షడ్జమం మీద నిలబడినప్పుడు కింద ప్యాడ్‌లో (వెనక సాగుతూ మోగే శబ్దంలో) బి గట్టిగా మోగుతుంటే, అరస్వరం తేడాతో రెండూ గీసుకుంటాయి. అలాంటి చోట సింగర్ హెడ్‌ఫోన్ తీసి "శృతి ఎక్కడో కొడుతోందండీ" అంటుంది, మనమేమో ఆమె గొంతునే అనుమానిస్తాం. జి బదులు జి సస్ ఫోర్ వేయండి: జి, సి, డి. మూడూ మోహనలోవే. ఎఫ్ బదులు ఎ మైనర్ సెవెన్, లేదా సి సిక్స్. ఇవి రెండూ అవే నాలుగు నోట్లు, బేస్ ఎక్కడ పెట్టారన్నదే తేడా. కార్డ్‌లో ఒక్కో నోటు మార్చుకునే వీలు స్కేలర్‌లో ఉంది, లేదంటే పియానో రోల్‌లోకి లాగాక మార్చుకోండి. మిడిలో శబ్దం ఉండదు, ఏ మీట, ఎంత బలంగా, ఎంతసేపు అన్న సమాచారమే ఉంటుంది కాబట్టి ఏ నోటునైనా ఎప్పుడైనా కదపొచ్చు. పాట మొత్తం ఆడియోగా తయారుచేసి ఇచ్చే ఏఐ యాప్‌ల కంటే ఇవి నాకు నచ్చేది అందుకే.

కీరవాణిలో చిక్కు ఇంకోలా వస్తుంది. ఎ శృతిలో కీరవాణి అంటే జి షార్ప్ ఉండాలి. ప్లగిన్‌లో "మైనర్" అని పెట్టి ఊరుకుంటే అది నేచురల్ మైనర్ తీసుకుని ఇ మైనర్ కార్డ్ ఇస్తుంది, అందులో ఉన్నది మామూలు జి. ట్యూన్‌లో కాకలి నిషాదం, కింద కైశికి నిషాదం, రెండూ ఒకేసారి! హార్మోనిక్ మైనర్ అని పెడితే ఇ మేజర్ వస్తుంది, పాట ఒక్కసారిగా తేటపడుతుంది. గుర్తుకోసం ఈ నాలుగు రాసిపెట్టుకోండి: నఠభైరవికి నేచురల్ మైనర్, ఖరహరప్రియకి డోరియన్, కల్యాణికి లిడియన్, మాయామాళవగౌళకి డబుల్ హార్మోనిక్. చివరిదానిలో పంచమం మీద మేజర్ కార్డ్ రాదు, ఎందుకంటే రిషభం శుద్ధం. కాబట్టి సి శృతిలో అలవాటు కొద్దీ పల్లవి చివర జి వేసి సి కి దిగుదామంటే కుదరదు. సి, డి ఫ్లాట్, ఎఫ్ మైనర్ చుట్టూ తిప్పండి.

ఆభేరి లాంటి రాగాల్లో ఎక్కేటప్పుడు ఒక దారి, దిగేటప్పుడు ఒక దారి ఉంటుంది. ఇలాంటి ప్లగిన్లకి స్కేల్ అంటే నోట్ల మూట మాత్రమే, ఆరోహణ అవరోహణ తేడా లేదు. గమకం అసలే లేదు. వీణ బిట్టో ఫ్లూట్ బిట్టో కావాలంటే మీరే వాయించి పిచ్ వీల్‌తో వంచుకోవాలి. ఇందులో గట్టివాళ్లు కావాలంటే మీ ఊళ్లోనే ఘంటసాల పేరు మీద ప్రభుత్వ సంగీత కళాశాల ఉంది, అక్కడ చదువుకునే ఒక వయొలిన్ కుర్రాణ్ణి పరిచయం చేసుకుంటే ఏ ప్లగిన్ ఇవ్వనిది వస్తుంది. (డబ్బులివ్వండి మరి. "ఎక్స్‌పోజర్" అనకండి.)

తాళం విషయం ఒకటుంది. జానపదం, భజన, దరువు పాటలు ఎక్కువగా 6/8లో (బార్‌కి ఆరు చిన్న బీట్లు) నడుస్తాయి. ఈ ప్లగిన్లలో రెడీమేడ్‌గా వచ్చే స్ట్రమ్మింగ్, ఆర్పెజియో ప్యాటర్న్‌లు చాలావరకు 4/4ని (బార్‌కి నాలుగు బీట్లు) దృష్టిలో పెట్టుకుని చేసినవే. 6/8 ప్రాజెక్ట్‌లో పెడితే రెండో బార్‌కే కాలు జారుతుంది. నేనైతే కార్డ్స్ మాత్రం దిమ్మల్లా బయటికి లాగేసి, రిథమ్ చేత్తో కొట్టుకుంటాను. కొనేముందు ప్లగిన్ డెమో వెర్షన్ వేసుకున్నప్పుడు ఈ ఒక్క పరీక్ష తప్పకుండా చేయండి. మీ పాటనే పెట్టి చూడండి, వాళ్ల యూట్యూబ్ వీడియోలో ఉన్న పాటని కాదు.

ఎఫ్ఎల్‌లో కొత్తగా వేసినవాళ్లు అందరూ పడే తంటా: స్కేలర్ తెరిస్తే దాని సొంత పియానో మోగుతుంది గానీ మన ఇన్‌స్ట్రుమెంట్ మోగదు. ప్లగిన్ విండో పైన గేర్ గుర్తు నొక్కి, మిడి దగ్గర అవుట్‌పుట్ పోర్ట్ 1 అని పెట్టండి. మోగాల్సిన ఇన్‌స్ట్రుమెంట్‌లో ఇన్‌పుట్ పోర్ట్ కూడా 1 చేయండి. ఎఫ్ఎల్ సొంత ఇన్‌స్ట్రుమెంట్లతో అయితే ప్యాచర్‌లో (ఎఫ్ఎల్‌లోనే ప్లగిన్లని ఒకదానికొకటి కలిపే చోటు) రెండూ పెట్టి వైరు కలపడం తేలిక. మీ ఫ్రెండ్ ఏబల్టన్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ వాడతాడన్నారు కాబట్టి చెబుతున్నా, అందులో ఇంకో ట్రాక్ తీసి "మిడి ఫ్రమ్" దగ్గర స్కేలర్ ఉన్న ట్రాక్ ఎంచుకోవాలి. రీపర్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఈ గోలేమీ లేదు, ఒకే ట్రాక్‌లో ఇన్‌స్ట్రుమెంట్ పైన పెడితే సరి. లైవ్‌గా మోగించే పని లేకపోతే రూటింగ్ మొత్తం వదిలేసి మిడి లాగి పడేసుకోవడమే మేలు, సగం టెన్షన్ తగ్గుతుంది.

డబ్బు గురించి. ధరలు డాలర్లలో ఉంటాయి, సేల్‌ని బట్టి మారుతుంటాయి. నవంబరు చివర బ్లాక్ ఫ్రైడేకి దాదాపు అన్నీ తగ్గుతాయి, స్కేలర్ కూడా అప్పుడు మీ బడ్జెట్ దగ్గరికి వస్తుంది. సైట్‌లో కనిపించే ధర కాకుండా బ్యాంకు ఫారెక్స్ ఛార్జీ, కొన్ని సైట్లలో పన్ను కలుస్తాయని గుర్తుంచుకోండి. బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్ లావాదేవీలు ఆన్ చేయకపోతే పేమెంట్ ఫెయిల్ అవుతుంది, చాలామంది అక్కడే ఆగిపోయి పెన్‌డ్రైవ్‌లో దొరికే పైరసీ ప్యాక్‌ల వైపు పోతారు. ఆ ప్యాక్‌లు వద్దు. సింగర్ బూత్‌లో నిలబడి ఉన్నప్పుడు ప్రాజెక్ట్ తెరుచుకోకపోతే మీ పేరే పోతుంది. "వెయ్యి మెలడీల మిడి ప్యాక్" అని అమ్మేవీ వద్దు. అదే మెలడీ ఇంకొకరి పాటలోనూ ఉంటుంది, రేపు ఎవరు ఎవరిది కాపీ కొట్టారో తేల్చడం మీ నెత్తిన పడుతుంది.

8 జీబీ సంగతి: స్కేలర్ లాంటివి పంపేది ప్రధానంగా నోట్ల సమాచారమే కాబట్టి ల్యాప్‌టాప్‌కి పెద్ద బరువు కాదు. మెమరీ తినేది తబలా, స్ట్రింగ్స్, ఫ్లూట్ శాంపిల్ లైబ్రరీలు (నిజమైన వాయిద్యాల రికార్డింగులు). రెండు మూడు పెద్దవి ఒకేసారి తెరిస్తే 8 జీబీ చాలదు. పూర్తయిన ట్రాక్‌లని ఆడియోగా మార్చి ఆ లైబ్రరీ మూసేస్తే ప్రస్తుతానికి నడిచిపోతుంది. మీ ల్యాప్‌టాప్‌లో ఇంకో ర్యామ్ స్లాట్ ఖాళీగా ఉంటే మాత్రం స్కేలర్ కోసం నవంబరు దాకా ఆగి, ఈలోపు రిప్‌కార్డ్‌తో నెట్టుకొస్తూ, చేతిలో ఉన్న డబ్బుతో ముందు ర్యామ్ వేయించుకోండి.