స్కూల్ కమిటీకి నిలబడమంటున్నారు, నిలబడనా?

(ఈ వారం జవాబులు చెబుతున్నది రేపల్లె వైపు ఒక పల్లెలో మండల పరిషత్ బడి తల్లిదండ్రుల కమిటీకి చైర్‌పర్సన్‌గా పనిచేసిన ఒక తల్లి.)

ప్రశ్న: మిరప తోటల్లో కూలికి వెళ్తాను. మా బాబు మండల పరిషత్ బడిలో మూడో తరగతి. ఈసారి స్కూల్ కమిటీ ఎన్నికల్లో నన్ను నిలబడమని మా వీధి ఆడవాళ్ళు పట్టుబడుతున్నారు. నేను చదివింది ఏడో తరగతి. మా ఆయన వద్దనలేదు గానీ "గెలిచినా చేసేదేముంది, సంతకాలేగా" అంటున్నాడు. పార్టీ వాళ్ళు ఇంటికొచ్చి వేరే ఒకామె పేరు చెప్పి వెళ్ళారు. రాత్రుళ్ళు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, పల్నాడు జిల్లా

జవాబు: నిలబడండి చెల్లెమ్మా.

చదువు సంగతి పక్కన పెట్టండి. కమిటీలో తల్లిదండ్రుల సభ్యురాలు కావాలంటే మీ బిడ్డ ఆ బడిలో చదువుతుండాలి, అంతే. ఏ తరగతి పాసయ్యావని ఎవరూ అడగరు. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్‌లోనే ఉంది, కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది పిల్లల తల్లిదండ్రులే ఉండాలని, మొత్తం మీద సగం మంది ఆడవాళ్ళు ఉండాలని. మన ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో తరగతికి ముగ్గుర్ని ఎన్నుకుంటాం. ఐదు తరగతుల బడి అయితే 15 మంది. ఆ 15 మంది తమలోంచి ఒక చైర్‌పర్సన్‌ని, ఒక వైస్ చైర్‌పర్సన్‌ని ఎన్నుకుంటారు. హెడ్మాస్టారు కన్వీనర్‌గా ఉంటారు.

ఈ లెక్క నాకు మొదట్లో అర్థం కాలేదు. అందుకే ఓడిపోయాను.

2019 సెప్టెంబర్‌లో మొదటిసారి నిలబడ్డాను. మా అమ్మాయి అప్పుడు ఒకటో తరగతి. ఊళ్ళో తల్లులంతా నా పక్కనే ఉన్నారనుకున్నాను, నిజంగా ఉన్నారు కూడా. ఒకటో తరగతి నుంచి సభ్యురాలిగా గెలిచాను. చైర్‌పర్సన్‌కి నిలబడితే ఎనిమిది, ఏడు. ఒక్క ఓటు. ఇంటికొచ్చి అన్నం కూడా తినలేదు. తర్వాత కూర్చుని ఆలోచిస్తే తెలిసింది, నన్ను కోరుకున్న తల్లులకు చైర్‌పర్సన్ ఎన్నికలో ఓటే లేదు. ఓటుండేది ఆ 15 మందికి. ఆ 15 మంది ఎవరన్నది పొద్దుటి పూట తరగతి గదుల్లోనే తేలిపోతుంది. ఆ పొద్దున మావాళ్ళు కలుపు తీతకు వెళ్ళిపోయారు. తెల్లారేసరికే ట్రాక్టర్ ఎక్కేశారు. నాలుగో తరగతి గదిలో, ఐదో తరగతి గదిలో కూర్చున్నదంతా ఆ రోజు కూలికి పోనవసరం లేనివాళ్ళు. తల్లిదండ్రుల్లో సగం మంది వస్తే చాలు, ఎన్నిక జరిపేస్తారు. చేతులెత్తారు, అయిపోయింది.

2021 సెప్టెంబర్‌లో రెండోసారి. ఈ ఎన్నికలకు పార్టీ గుర్తులుండవు, ఫ్లెక్సీలు కట్టే పని లేదు. నేను తిరిగింది రేషన్ బండి దగ్గర, డ్వాక్రా మీటింగుల్లో, పొలం గట్ల మీద. ఎవరినీ నాకు ఓటెయ్యమని అడగలేదు. "ఎన్నిక రోజు ఒక పూట ఆగి బడికి రాగలవా వదినా?" అని అడిగాను. కూలి చేసుకునే మనిషికి ఒక పూట పోవడమంటే ఏమిటో మీకు నేను చెప్పాలా! అందుకే మా ముఠా మేస్త్రమ్మ ఇంటికి మూడుసార్లు తిరిగాను. మూడోసారికి ఆమె మెత్తబడి, ఆ రోజు పని పదిన్నరకి మొదలుపెట్టిస్తానంది. నా గెలుపు అక్కడే ఖాయమైంది. ప్రతి తరగతికీ ముగ్గురి పేర్లు ముందే అనుకున్నాం. ముగ్గురిలో ఇద్దరు ఆడవాళ్ళుండాలి, ఎస్సీ ఎస్టీల వంటి వర్గాల నుంచి ఒకరు, బలహీన వర్గాల నుంచి ఒకరు ఉండాలి. ఇది చూసుకోకుండా పేర్లు అనుకుంటే తీరా ఎన్నిక దగ్గర గొడవవుతుంది. మధ్యాహ్నానికి 11, 4తో గెలిచాను.

పార్టీ వాళ్ళు మా ఇంటికీ వచ్చారు. మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టాను. వాళ్ళతో తగువు పెట్టుకోకండి, ఒకే ఊళ్ళో బతకాలి, రేపు బడి ముందు మురుక్కాలవ తీయించాలన్నా వాళ్ళ గుమ్మమే ఎక్కాలి. మాట మాత్రం ఇవ్వకండి. "మా వీధి తల్లుల్ని అడిగి చెప్తానండీ" అనండి. తర్వాత నిజంగానే అడగండి. ఎక్కువమంది ఆ రెండో ఆమే కావాలంటే ఆమెనే చేయనివ్వండి, మీరు మీ తరగతి సభ్యురాలిగా ఉండండి.

ఇక "సంతకాలేగా" అన్న మాట. మీ ఆయన మీద కోపం లేదు, మా ఇంట్లోనూ ఇదే మాట విన్నాను. ఆ సంతకం ఏమిటో చెప్తాను. ప్రభుత్వ బడుల్ని బాగుచేసే నాడు-నేడు పథకం పనులప్పుడు డబ్బు బడి పేరున ఉన్న ఖాతాలో పడేది, హెడ్మాస్టారితో పాటు కమిటీ వాళ్ళు సంతకం పెడితేనే బయటికొచ్చేది. మా బడి రెండో విడతలో ఉంది. ఒకరోజు ఇసుక బిల్లు నా ముందు పెట్టారు. ఆరు ట్రక్కులని రాసుంది. నేను చూసింది నాలుగు. ఎలా తెలుసంటే, ట్రాక్టర్ వచ్చినప్పుడల్లా మా అమ్మాయి పాత నోటుబుక్కు వెనక పేజీల్లో తేదీ వేసి గీత పెట్టుకునేదాన్ని. ఆ నోటుబుక్కు తెచ్చి బల్ల మీద పెట్టాను. ఎవరినీ దొంగ అనలేదు. "ఈ రెండూ ఏ రోజు వచ్చాయో చెప్పండి, గీత పెట్టుకుని సంతకం చేస్తాను" అన్నాను. బిల్లు నాలుగుకి మారి వచ్చింది. ఏడో తరగతి చదువు ఈ లెక్కకు చాలదా చెల్లెమ్మా?

ఇంకొకటి చెప్తాను, దీనికి సంతకంతో కూడా పని లేదు. పిల్లలు చేతులు కడుక్కునే చోట కుళాయిలు బిగిస్తున్నారు. మేస్త్రి మంచివాడే, పెద్దవాళ్ళ ఎత్తుకు అలవాటుగా గుర్తులు పెట్టేశాడు. ఒకటో తరగతి పిల్లని పిలిచి గోడకి ఆనించి నిలబెట్టి చెయ్యి చాపమన్నాను. వేళ్ళు అందలేదు. ఆ చెయ్యి ఎంతవరకు వచ్చిందో అక్కడ బొగ్గుతో గీత గీశాను. రెండు కుళాయిలు ఆ గీత దగ్గర పెట్టాడు. ఇప్పటికీ చిన్నపిల్లలంతా ఆ రెండింటి దగ్గరే గుమిగూడతారు. ఇంజనీర్లూ అధికారులూ చూసి వెళ్ళినవే అవన్నీ, ఎవరికీ తట్టలేదు. ఐదేళ్ళ బిడ్డకు రోజూ స్నానం చేయించే మనిషికి తట్టింది.

డబ్బు సంగతి కూడా మనసులో పెట్టుకోండి. పిల్లల్ని బడికి పంపే తల్లులకు ప్రభుత్వం ఇచ్చిన అమ్మఒడి 15,000లో 2021లో వెయ్యి మరుగుదొడ్ల నిర్వహణకని పట్టుకున్నారు, మరుసటి విడతలో రెండు వేలు పట్టుకున్నారు. ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన తల్లికి వందనంలోనూ మన ఖాతాలో పడేది 13,000, మిగతా 2,000 బడుల నిర్వహణకు. అది మన బిడ్డల పేరున వచ్చిన డబ్బు. మరుగుదొడ్డి కంపు కొడుతుంటే అడిగే హక్కు ప్రతి తల్లికీ ఉంది. కమిటీలో ఉంటే రిజిస్టరు తెప్పించి చూడొచ్చు. మధ్యాహ్న భోజనం కూడా అంతే. నెలకోసారైనా చెప్పకుండా వెళ్ళి పిల్లల వరసలో కూర్చుని తినండి. పప్పు ఎంత పల్చగా ఉందో కంచంలో పడితేనే తెలుస్తుంది.

గెలిచిన మొదటి నెలలోనే ఒక సంగతి అడగండి, బడి అభివృద్ధి ప్రణాళిక. విద్యాహక్కు చట్టం 22వ సెక్షన్ ప్రకారం దాన్ని తయారుచేయాల్సింది కమిటీయే. పాతది ఉంటే పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకుని గట్టిగా చదివించుకోండి. నేను మా పక్కింటి డిగ్రీ అమ్మాయితో చదివించుకున్నాను.

ప్రశ్న: మా ఆవిడ మా ఊరి బడి కమిటీ చైర్‌పర్సన్. ఆమెకు ఇంట్లో, పొలంలో తీరిక ఉండదు. మీటింగులకు నేనే వెళ్తున్నాను, అందరూ నన్నే చైర్మన్ గారూ అంటున్నారు. ఇందులో తప్పుందా?
– ఒక పాఠకుడు, ఏలూరు జిల్లా

జవాబు: ఉందన్నయ్యా. ఎన్నికైంది మా వదిన. మీరు మంచి మనసుతోనే వెళ్తుండొచ్చు, కానీ ఆడపిల్లల మరుగుదొడ్డికి గడియ లేదన్న సంగతి ఆ పిల్లలు మీకు చెప్పరు, ఆమెకు చెప్తారు. మీటింగు సాయంత్రం పెట్టమని హెడ్మాస్టారిని అడగండి. ఆ పూట గేదెలకు మేత మీరు వేయండి. మా ఆయన మొదటి మీటింగుకి నాతో వచ్చాడు, గేటు దాకా. లోపలికి రమ్మని ఎవరో పిలిస్తే "నా పేరు లేదుగా అందులో" అని బండి మీదే కూర్చున్నాడు. ఆ రోజు ఆయన మీద ఎంత గౌరవం కలిగిందో మాటల్లో చెప్పలేను.

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా. మా బడిలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ అని ఉంది, కానీ దానికి చైర్‌పర్సన్ ఎన్నిక ఏదీ జరగలేదు. ఎందుకని?
– ఒక తల్లి

జవాబు: మీ దగ్గర పద్ధతి వేరమ్మా. తెలంగాణలో 2024లో పెట్టిన ఆ కమిటీలకు మహిళా సంఘాల గ్రామ సమాఖ్య అధ్యక్షురాలే చైర్‌పర్సన్, హెడ్మాస్టారు కన్వీనర్. తాగునీరు, మరుగుదొడ్లు, కరెంటు, చిన్న మరమ్మతులు వాళ్ళ ద్వారా చేయిస్తున్నారు. కాబట్టి మీరు మాట్లాడాల్సింది మీ సంఘం మీటింగులో. పొదుపు లెక్కలయ్యాక లేచి వెళ్ళిపోకుండా బడి మాట ఎత్తండి.

ప్రశ్న: మా అబ్బాయి ఐదు పూర్తిచేసి హైస్కూలుకి వెళ్తున్నాడు. పాత బడి కమిటీలో నా పదవి ఉంటుందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఉండదు. బిడ్డతో పాటు మన సభ్యత్వమూ ఆ బడి దాటేస్తుంది. నాకూ అలాగే అయింది. మూడేళ్ళలో గోడ గోడకీ అలవాటైన బడి, తాళాలు అప్పజెప్పినట్టుగా ఆ ఇసుక నోటుబుక్కు హెడ్మాస్టారి చేతిలో పెట్టి వచ్చేశాను, ఏడుపొచ్చింది.

2024 ఆగస్టు 8న ఎన్నికలు వచ్చేసరికి మా అమ్మాయి జిల్లా పరిషత్ హైస్కూల్లో ఆరో తరగతి. నాట్ల రోజులు. మళ్ళీ మేస్త్రమ్మ ఇంటికి వెళ్ళాను. ఆరో తరగతి సభ్యురాలిగా గెలిచాను. చైర్‌పర్సన్‌కి నా పేరు చెప్పారు, నేనే వద్దన్నాను. తొమ్మిదో తరగతి అబ్బాయి తండ్రి ఒకాయన ఉన్నాడు, ఆటో నడుపుతాడు, మూడేళ్ళుగా ఆ బడి పిల్లల్ని ఎక్కించుకుని తిరుగుతూ ఎవరి ఇల్లు ఎక్కడో, ఎవరు ఎందుకు మానేశారో నోటికి చెప్పగలడు. ఆయనకు చెయ్యెత్తాను. కొత్త నోటుబుక్కు ఒకటి కొన్నాను. మొదటి పేజీలో ఆయన చెప్పగా రాసుకున్న పేర్లున్నాయి, బడి మానేసిన ఏడుగురు పిల్లలవి. నలుగురు తిరిగొచ్చారు. మిగతా ముగ్గురి ఇళ్ళకూ ఈ ఆదివారం ఆయన ఆటోలోనే వెళ్తున్నాం.