వడకట్టడం దగ్గరే ఆగిపోకు, తమ్ముడూ

తిరుపతి

తమ్ముడూ,

కిడ్నీల మీద నువ్వు రాసి పంపిన వ్యాసం చదివాను. చదివేవాళ్లను పట్టి కూర్చోబెట్టే గుణం నీ రాతలో ఉంది, అందుకే ఇంత పొడుగ్గా జవాబు రాస్తున్నా. నా ఫిర్యాదు ఒక్కటే. కిడ్నీ రక్తాన్ని వడకట్టి చెడును బయటికి పంపుతుందన్న ఒక్క మాటనే వ్యాసం పొడుగునా రకరకాలుగా చెప్పావు. జల్లెడ అన్నావు, ఫిల్టర్ అన్నావు, ఆర్వో మిషన్ అన్నావు, అక్కడితో ఆపేశావు. వడకట్టడం మొదటి అడుగు మాత్రమే, అది కూడా రక్తం ఒత్తిడి తోస్తుంటే జరిగిపోయే పని. అసలు కష్టమంతా ఆ తర్వాత ఉంది, వడకట్టినదాన్ని దాదాపు మొత్తం తిరిగి రక్తంలోకి తెచ్చుకోవడంలో. నీ వ్యాసం అక్కడ మొదలవ్వాలి.

లెక్క చూడు. పెద్దవాళ్లలో రెండు కిడ్నీలూ కలిసి నిమిషానికి సుమారు 125 మిల్లీలీటర్ల ద్రవాన్ని వడకడతాయి, అంటే రోజుకు 180 లీటర్లు, మన వీధుల్లో ఇంటింటికీ వేసే 20 లీటర్ల నీళ్ల క్యాన్లు తొమ్మిది. ఒంట్లో ఉన్న ప్లాస్మా, అంటే రక్తంలో కణాలు పోగా మిగిలే ద్రవం, మొత్తం 3 లీటర్లే. అదే ప్లాస్మా రోజుకు 60 సార్లు కిడ్నీలోని సన్నటి గొట్టాల్లోకి దిగి పైకి వస్తోందన్నమాట. చివరికి బయటికి పోయే మూత్రం ఒకటిన్నర లీటరు. ఇక ఉప్పు సంగతి. రోజుకు దాదాపు కిలోన్నర ఉప్పు వడకట్టులో దిగుతుంది, మనం తిన్న పది గ్రాములో ఎంతో అంతే బయటికి పోతుంది, మిగతాదంతా వెనక్కి. గ్లూకోజ్ 180 గ్రాములు దిగితే ఆరోగ్యంగా ఉన్న మనిషి మూత్రంలో టెస్టుకు అందేంత కూడా మిగలదు. ఈ నాలుగు అంకెలూ మొదటి పేరాలో పెట్టు. నెఫ్రాన్ (ఒక వడకట్టు సంచి, దాని వెంట ఉన్న గొట్టం కలిసింది) భాగాల పేర్లన్నీ అక్కడే గుమ్మరించకు, పాఠకుడికి ముందు ఆశ్చర్యం కలగాలి, పేర్లు తర్వాత అవసరమైన చోట ఒక్కొక్కటే రావచ్చు.

ఇంత తిప్పలెందుకు, అక్కర్లేనిది మాత్రం తీసి పారేస్తే సరిపోదా అని పాఠకుడు అడుగుతాడు. అడగాలి కూడా. అక్కడ ఒక్క పోలిక వాడుకో, రెండోది వెతకకు. భోగికి ముందు ఇల్లు దులిపేటప్పుడు అటక మీది సామానంతా వాకిట్లోకి దింపుతారు, కావాల్సినవి ఒక్కొక్కటే లోపలికి చేరతాయి, ఎవరూ చెయ్యి వెయ్యనిది మంటలోకి పోతుంది. పారేయాల్సిన వాటికి జాబితా రాసుకునే పని లేదు, ఉంచుకోవాల్సినవి తెలిస్తే చాలు. కిడ్నీ పద్ధతి ఇదే. గ్లూకోజ్‌ను, అమైనో ఆమ్లాలను, సోడియంను, బైకార్బనేట్‌ను గుర్తుపట్టి వెనక్కి తెచ్చే ప్రొటీన్లు గొట్టం గోడల్లో ఉన్నాయి. కండరాల్లోంచి వచ్చే వ్యర్థం క్రియాటినిన్‌ను వెనక్కి తెచ్చేవి లేవు కాబట్టి అది పోతుంది, అందుకే డాక్టర్లు రక్తంలో అది ఎంతుందో చూసి కిడ్నీ ఎట్లా ఉందో అంచనా కడతారు. ఒళ్లు ఇంతకుముందు ఎన్నడూ చూడని పదార్థమైనా సరే, నీళ్లలో కరిగే చిన్న అణువైతే ఇదే దారిన బయటికి పోగలదు. (కొవ్వులో కరిగేవి మాత్రం గోడల గుండా వాటంతట అవే వెనక్కి జారుకుంటాయి. వాటిని ముందు లివర్ మార్చి ఇవ్వాలి. ఇది ఒక్క వాక్యంలో చెప్పి వదిలెయ్, లేకపోతే లివర్ నీ వ్యాసాన్ని ఎత్తుకుపోతుంది.)

ఇప్పుడు దారి. ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లు ఉంటాయి, నువ్వు ఒక్కదాన్ని తీసుకుని ఒక్క చుక్క వెంట నడువు. నడిచేటప్పుడు సోడియం చెయ్యి వదలకు. మొదటి మెలికల గొట్టంలో, ప్రాక్సిమల్ ట్యూబ్యూల్ అంటారు చూడు, గోడ కణాలకు రక్తం వైపు ఒక పంపు ఉంది. అది కణానికి శక్తినిచ్చే ఏటీపీని ఖర్చుపెట్టి మూడు సోడియం అయాన్లను కణంలోంచి బయటికి నెట్టి రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. దాంతో కణంలో సోడియం ఎప్పుడూ తక్కువగా ఉంటుంది, కాబట్టి గొట్టంలో ఉన్న సోడియం ఆ లోటు వైపు వస్తూనే ఉంటుంది. వచ్చేటప్పుడు గ్లూకోజ్‌నో అమైనో ఆమ్లాన్నో వెంటబెట్టుకొస్తుంది, ఎందుకంటే అక్కడున్న ప్రొటీన్లలో చాలావాటికి ఇద్దరూ కలిస్తేనే దారి తెరుచుకుంటుంది. ఉప్పు వెళ్లిన వైపు నీళ్లు వెళ్తాయి, కణాల గోడల్లో నీళ్లకోసమే ఉన్న ఆక్వాపోరిన్ అనే సన్నటి దారుల గుండా. ఎర్ర రక్తకణాల మీద పని చేస్తున్న పీటర్ ఆగ్రే బృందం 1992లో ఈ దారి ఏదో తేల్చింది, 2003లో ఆయనకు రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది. నీళ్లు వెళ్లిపోయేకొద్దీ మిగిలిన ద్రవంలో యూరియా చిక్కబడుతుంది, అందులోనూ ఇంచుమించు సగం వెనక్కి జారుతుంది. ఒక్క పంపు తిరుగుతుంటే ఇన్ని పనులు దాని వెంట జరుగుతున్నాయి చూడు! కిడ్నీ వాడుకునే ఆక్సిజన్‌లో ఎక్కువ భాగం ఈ ఉప్పును వెనక్కి తెచ్చే పనికే పోతుంది, అందుకే బీపీ బాగా పడిపోయినప్పుడు ముందుగా దెబ్బతినేవి తరచూ ఈ గొట్టం కణాలే. వడకట్టిన నీళ్లలో, సోడియంలో 65 శాతం దాకా ఈ ఒక్క గొట్టంలోనే తిరిగి రక్తంలో కలుస్తాయి, నీకు దాహంగా ఉన్నా లేకపోయినా.

ఉప్పు వెంట నీళ్లు అన్న సూత్రం పాఠకుడికి బాగా ఒంటబట్టాక, ఆ సూత్రం తప్పే చోటికి తీసుకెళ్లు. హెన్లీ లూప్, అంటే గొట్టం కిడ్నీ లోపలికి దిగి మలుపు తిరిగి పైకెక్కే భాగం. ఇక్కడ నీ వ్యాసంలో ఒక్క వాక్యం ఉంది, రెండు పేరాలు ఉండాలి. లూప్ కిందికి దిగే కాడలోంచి నీళ్లు బయటికి పోతాయి. పైకెక్కే మందపాటి కాడలో సోడియం, పొటాషియం, క్లోరైడ్ కలిసి బయటికి పోతాయి గానీ నీళ్లు పోలేవు, ఆ గోడకు నీళ్ల దారి లేదు. అట్లా నీళ్లు లేకుండా బయటపడ్డ ఉప్పు కిడ్నీ లోపలి భాగంలో, మెడుల్లాలో, పేరుకుంటుంది. ఆ ఉప్పు దిగే కాడలోంచి ఇంకా నీళ్లు లాగుతుంది, చిక్కబడ్డ ద్రవం మలుపు తిరిగి ఎక్కే కాడలోకి వచ్చి ఇంకా ఉప్పు వదులుతుంది, ఇదిట్లా ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోయి, పైన రక్తంలో లాగే 300 మిల్లీఆస్మాల్ (ద్రవంలో కరిగినవి ఎంత చిక్కగా ఉన్నాయో చెప్పే కొలత) దగ్గర ఉన్న గాఢత లోపల కొసకు వచ్చేసరికి 1200 దాకా చేరుతుంది. జాకబ్ హెన్లీ ఈ మలుపును వర్ణించింది 1862లో. అది ఎందుకుందో మాత్రం చాలాకాలం ఎవరికీ అంతుబట్టలేదు, 1942లో వెర్నర్ కూన్ ఎదురెదురు ప్రవాహాల లెక్కతో దాని పని ఇదై ఉంటుందని ప్రతిపాదించేదాకా. 80 ఏళ్లు కళ్లెదుట ఉన్న మలుపు! ఈ ముక్క వదిలేసి కిడ్నీ గురించి ఎట్లా రాస్తావు?

ఎక్కే కాడ దాటేసరికి ఉప్పు పోయి నీళ్లు మిగిలాయి కాబట్టి ద్రవం రక్తం కన్నా పలచగా ఉంటుంది. ఇప్పుడది చివరి గొట్టమైన కలెక్టింగ్ డక్ట్‌లో పడి అదే ఉప్పటి మెడుల్లా మధ్యలోంచి కిందికి దిగాలి. నీళ్లను అక్కడ వదలాలా వద్దా? నిర్ణయం ఏడీహెచ్ అనే హార్మోన్‌ది. దీన్ని చెప్పడానికి నీకు దూరం పోవాల్సిన పనిలేదు, ఏప్రిల్ ఎండలో అలిపిరి మెట్లెక్కే మనిషిని తీసుకో. గాలిగోపురం దగ్గరికి వచ్చేసరికి చొక్కా తడిసి ఉంటుంది. చెమటలో ఉప్పు కన్నా నీళ్లే ఎక్కువ పోతాయి, రక్తం కొద్దిగా చిక్కబడుతుంది. ఒకటి రెండు శాతం తేడా చాలు, మెదడులో హైపోథాలమస్ కణాలు పసిగడతాయి, పిట్యూటరీ వెనక భాగంలోంచి ఏడీహెచ్ వెలువడుతుంది. అది కలెక్టింగ్ డక్ట్ కణాలను చేరగానే లోపల దాచిన ఆక్వాపోరిన్లు పైకి వచ్చి గోడలో అమరుతాయి, నీళ్లు మెడుల్లా ఉప్పు వైపు పరుగెడతాయి, మూత్రం కొద్దిగా, ముదురు పసుపు రంగులో వస్తుంది. కొండ మీదికి చేరి కడుపునిండా నీళ్లు తాగి కూర్చుంటే ఏడీహెచ్ తగ్గుతుంది, ఆ దారులు మళ్లీ కణం లోపలికి వెళ్లిపోతాయి, కాసేపటికే మూత్రం తెల్లగా, ఎక్కువగా వస్తుంది. ఒకే మనిషిలో మూత్రం గాఢత 50 నుంచి 1200 దాకా మారగలదు. ఏడీహెచ్ బొత్తిగా లేకపోతే రోజుకు 15, 20 లీటర్ల మూత్రం పోయే జబ్బు కూడా ఉంది, పేరులో డయాబెటిస్ ఉన్నా షుగర్‌తో దానికి సంబంధం లేదు. ఇంకొక్క మాట రాయి, మన పాఠకుల ఇళ్లలో పెద్దవాళ్లుంటారు కాబట్టి. వయసు పెరిగేకొద్దీ మూత్రాన్ని చిక్కబరిచే శక్తి తగ్గుతుంది, దాహం తెలియడం కూడా తగ్గుతుంది. ఎండాకాలం మెట్లెక్కే అవ్వకు దాహమేస్తే తనే అడుగుతుందిలే అని ఊరుకోకూడదు.

షుగర్ పేరా నాకు నచ్చలేదు. మూత్రానికి చీమలు పడతాయని మొదలుపెట్టి కారణం చెప్పకుండా వదిలేశావు. జిల్లాలో ఏ ఊళ్లో అడిగినా చీమల మాట తెలుసు, తెలియనిది కారణమే. గ్లూకోజ్‌ను వెనక్కి తెచ్చే ప్రొటీన్ల సంఖ్యకు ఒక హద్దుంది. రక్తంలో చక్కెర డెసీలీటరుకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే అవి అందుకోలేకపోవడం మొదలవుతుంది, అందని గ్లూకోజ్ గొట్టంలోనే ముందుకు పోతుంది. పోతూ నీళ్లను పట్టుకుని పోతుంది, అందుకే మూత్రం ఎక్కువ, అందుకే విపరీతమైన దాహం, దాహం వల్ల మూత్రం ఎక్కువ కావడం కాదు. నీ వ్యాసంలో ఈ వరస తలకిందులుగా ఉంది, దిద్దు. ఇక్కడే మందుల సంగతి కూడా చెప్పొచ్చు. 1835లో ఆపిల్ చెట్టు బెరడులోంచి ఫ్లోరిజిన్ అనే చేదు పదార్థం తీశారు, అది గ్లూకోజ్ వెనక్కి రాకుండా అడ్డుపడుతుందని తర్వాత తెలిసింది, ఆ దారిలోనే ఇప్పుడు డాక్టర్లు రాస్తున్న డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వచ్చాయి. షుగర్ కోసం వచ్చిన ఈ మాత్రలను ఇవాళ గుండె బలహీనపడ్డవాళ్లకూ, కిడ్నీ జబ్బు ఉన్న చాలామందికీ వాడుతున్నారు. ఒంట్లో నీరు తగ్గించే లాసిక్స్ మాత్ర వేసుకున్న తాత బాత్‌రూమ్‌కు పదే పదే ఎందుకు వెళ్తాడో కూడా రాయి. ఆ మాత్ర పైకెక్కే మందపాటి కాడలో ఉప్పు పోయే దారి మూసేస్తుంది, మెడుల్లాలో ఉప్పు పేరుకోదు, నీళ్లను లాగేది ఉండదు. హెన్లీ లూప్ సరిగ్గా రాసి ఉంటే ఈ మాత్రకు రెండు వాక్యాలు చాలు.

కథ కావాలంటే నీకు కప్ప కథ ఉంది. కిడ్నీ వడకట్టి వెనక్కి తీసుకుంటుందని 1840ల్లో కార్ల్ లుడ్విగ్ అన్నాడు, కాదు గొట్టం కణాలే మూత్రాన్ని విడుదల చేస్తాయని తర్వాత హైడెన్‌హైన్ వాదించాడు, దశాబ్దాల పాటు ఎవరి మాట నిజమో తేలలేదు. 1924లో పెన్సిల్వేనియాలో వేర్న్, రిచర్డ్స్ ఇద్దరూ సూక్ష్మదర్శిని కింద కప్ప కిడ్నీలో ఒక్క వడకట్టు సంచిలోకి వెంట్రుకంత గాజు గొట్టం దింపి అందులో ద్రవం తీశారు. అందులో చక్కెర ఉంది, క్లోరైడ్ ఉంది. అదే కప్ప మూత్రాశయంలో ఉన్న మూత్రంలో అవి కనపడలేదు. మధ్యలో ఎవరో వెనక్కి తీసుకున్నారు! వ్యాసం నడుమ ఎక్కడైనా ఊపు తగ్గిందనిపిస్తే ఈ ప్రయోగం అక్కడ పెట్టు, పేర్లు తక్కువ, చేతులు చేసిన పని ఎక్కువ ఉండేట్టు.

ఆల్డోస్టిరాన్, ఆమ్లాల సమతుల్యం, కాల్షియం, ఇవన్నీ ఒకే వ్యాసంలో పట్టవు. నువ్వు ఇరికించావు. తీసెయ్. తర్వాత వేరుగా రాద్దువు.

చివర్లో రోజుకు 5 లీటర్లు తాగితే కిడ్నీలు శుభ్రమవుతాయని రాశావే, ఆ మాట మాత్రం ఉండటానికి వీల్లేదు. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఎక్కువ తాగితే ఏడీహెచ్ తగ్గి ఎక్కువ నీళ్లు పోతాయి, అంతే. రాళ్లు వచ్చినవాళ్లను డాక్టర్లు ఎక్కువ తాగమంటారు. గుండె జబ్బు ముదిరినవాళ్లను, డయాలసిస్‌లో ఉన్నవాళ్లను గ్లాసులు లెక్కపెట్టి తాగమంటారు. నీ వ్యాసం ఈ ముగ్గురిళ్లకూ పోతుంది. అందరికీ ఒకటే కొలత ఇస్తే ఎవరో ఒకరికి హాని జరుగుతుంది, దాన్ని నువ్వు వెనక్కి తీసుకోలేవు.

వీలు చూసుకుని తిరుపతికి రా. స్విమ్స్ ఆసుపత్రిలో నెఫ్రాలజీ (కిడ్నీ జబ్బుల) విభాగం ఉంది, అనుమతి అడిగి డయాలసిస్ టెక్నీషియన్లతో, నర్సులతో మాట్లాడు. మిషన్ యూరియాను, పొటాషియంను, ఎక్కువైన నీళ్లను తీయగలదు, కానీ వారానికి రెండు మూడు విడతలు, విడతకు నాలుగు గంటలు. గొట్టం కణాలు రాత్రింబవళ్లు, దాహం బట్టి, తిన్న ఉప్పు బట్టి చేసే ఎంపిక దానికి లేదు. ఆ తేడా రోగి ఒంటికి ఎట్లా తెలుస్తుందో, రెండు విడతల మధ్య కాళ్లకు నీరు ఎట్లా చేరుతుందో, ఎండాకాలం దాహం ఎట్లా ఓర్చుకుంటారో వాళ్లు చెప్తారు. పేర్లు, ఊళ్లు రాయకు. రాసింది అచ్చుకిచ్చే ముందు ఒక నెఫ్రాలజిస్టుకు చూపించు, అంకెల దగ్గర ఆయన వేలు పెట్టిన ప్రతి చోటా ఎందుకని అడుగు.

ముందు హెన్లీ లూప్ పేరాలు రెండూ తిరగరాసి నాకు పంపు. అవి కుదిరాక షుగర్ పేరా చూద్దాం, మిగతావి వాటంతటవే సర్దుకుంటాయి.

ప్రేమతో,
అన్న