బెంగళూరులో ఉన్న జ్యోతికి పెద్దమ్మ రాస్తున్న ఉత్తరం

జ్యోతీ,

ప్రభువు నామంలో వందనాలు తల్లీ. నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. ఫోన్‌లో నాలుగు ముక్కలు చెప్పి ఊరుకునే విషయం కాదనిపించి కూర్చుని రాస్తున్నాను.

ఒంగోల్లో ఉన్నప్పుడు తెల్లవారుజామున లేచి అమ్మతో కలిసి ప్రార్థన చేసేదానివి, ఆదివారం క్వయర్‌లో పాడేదానివి. మారతహళ్లి పీజీకి వచ్చాక అవన్నీ పోయాయని, పేరుకే క్రైస్తవురాలిగా మిగిలానని రాశావు. ఇంకో రెండేళ్లు ఎలాగో గడిపేస్తే హైదరాబాద్‌కి మారిపోతాను, అప్పుడు భక్తి మళ్లీ సరిగ్గా మొదలుపెడతాను అన్నావు. ప్రార్థన తగ్గిందన్న మాటకన్నా ఈ రెండేళ్ల మాటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది.

కొత్త సంవత్సరం ఆరాధనలో నీకు యిర్మీయా 29:11 వాగ్దానంగా వచ్చిందని కార్డు ఫోటో పంపావు కదా. మీ విషయంలో నా ఆలోచనలు సమాధానకరమైనవే అని దేవుడు చెప్పే వచనం. మన ఇళ్లలో సగం గోడల మీద అదే ఉంటుంది. ఇవాళ ఒక పని చెయ్యి, ఆ అధ్యాయం మొదటి నుంచి చదువు. అది యెరూషలేము నుంచి యిర్మీయా రాసి పంపిన ఉత్తరం. బబులోనుకు చెరపట్టి తీసుకెళ్లిన వాళ్లకు రాశాడు. అంతకు ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త ఒకడు రెండేళ్లలో అంతా సర్దుకుంటుందని, అందరూ తిరిగి వచ్చేస్తారని జనానికి తియ్యగా చెప్పాడు. యిర్మీయా డెబ్బై ఏళ్లన్నాడు. అప్పటిదాకా ఆ ఊళ్లోనే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పెళ్లిళ్లు చేసుకోండి, మిమ్మల్ని పంపించిన ఆ పట్టణం క్షేమంగా ఉండాలని కోరుకోండి, దానికోసం ప్రార్థన చెయ్యండి, దాని క్షేమమే మీకు క్షేమం అన్నాడు. అది ఏడో వచనం. నీ కార్డు మీద వచనం దాని తర్వాతే వస్తుంది.

నిన్ను ఎవరూ చెరపట్టి తేలేదు. శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో బెర్తు బుక్ చేసుకుని నువ్వే వచ్చావు. అయినా మనసులో మాత్రం ఈ ఊరు లెక్కలోకి రాదు అనుకుంటున్నావు. ఇక్కడ గడిపే రోజులు కూడా ప్రభువు ఇచ్చినవే. ఆయన నీతో ఉండాలనుకునేది ఈ మారతహళ్లిలోనే, ఈ పీజీలోనే, ఆ ఆఫీసులోనే.

ప్రార్థన సంగతి ముందు చెప్పేస్తాను. అమ్మతో చేసిన గంట ప్రార్థనను కొలబద్దగా పెట్టుకోకు. ఆ గంటను నడిపింది అమ్మ, నువ్వు పక్కన కూర్చున్నావు. ఇప్పుడు నీ అంతట నువ్వు కూర్చోవాలి కాబట్టి చిన్నగా మొదలుపెట్టు. పొద్దున లేవగానే ఫోన్ ముట్టకముందు పది నిమిషాలు చాలు. మార్కు మొదటి అధ్యాయంలో ప్రభువు ఇంకా చీకటి ఉండగానే లేచి అరణ్య ప్రదేశానికి వెళ్లి ప్రార్థన చేశాడని ఉంటుంది. ఆ ముందు సాయంత్రం ఊరు ఊరంతా రోగులను తెచ్చి వాకిట్లో నిలబడింది. అంత పని మధ్య ఉన్న మనిషే వెతుక్కుని ఒంటరిగా కూర్చున్నాడు. వాక్యానికైతే లూకా సువార్త తీసుకో. రోజుకు ఒక్క సంఘటన. ప్రభువు తన ఎదురుగా ఉన్న మనిషితో ఏం మాట్లాడాడు, ఏం చేశాడు అని చూడు. బస్సులో చెవిలో ఎవరో పాస్టర్ ప్రసంగం పెట్టుకుని వేగం పెంచి వినడం వాక్యం చదవడం కాదమ్మా. వినవద్దని అనను, కానీ అది ఇంకొకరు నమిలి పెట్టిన అన్నం. ఆసుపత్రిలో నైట్ డ్యూటీలో ఉన్న ఏళ్లలో నాకు తెల్లవారుజాము కుదిరేది కాదు. డ్యూటీ దిగి వచ్చి స్నానం చేసి, పడుకునే ముందు ఒక కీర్తన చదువుకునేదాన్ని. వేళ ఏదైనా ఫరవాలేదు, అది రోజూ నీదై ఉండాలి.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. మెసేజ్ చివర్లో మొహమాటంగా అడిగావు: "పెద్దమ్మా, ఆఫీసులో ఇన్వెస్ట్‌మెంట్ ప్రూఫ్‌లు అడుగుతున్నారు, టాక్స్ తగ్గడానికి మీ ఇంట్లో అద్దెకుంటున్నట్టు రసీదులు ఇస్తావా, ఏడాదికి లక్ష దాటితే ఓనర్ పాన్ నంబర్ కూడా కావాలట, అందరూ ఇలాగే చేస్తారు" అని.

ఇవ్వను తల్లీ. నీ మీద ప్రేమ లేక కాదు. నువ్వు మా ఇంట్లో అద్దెకు లేవు కాబట్టి ఇవ్వను. నువ్వు నిజంగా కట్టేది పీజీ అద్దె, దానికి పీజీ వాళ్లను రసీదు అడుగు. ఎంత కడుతున్నావో అంతే చూపించు. మిగిలిన టాక్స్ పోతే పోనీ. నాకు ప్రార్థన కుదరడం లేదు అని రాసిన మెసేజ్‌లోనే ఈ రసీదు కూడా ఉంది, చూశావా? మనం ఈ రెంటినీ వేర్వేరు అరల్లో పెట్టుకుంటాం. ప్రభువు అలా పెట్టలేదు. మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు అన్నట్టు ఉండాలన్నాడు కొండమీద ప్రసంగంలో. ఒట్టు పెట్టాల్సిన అవసరమే రాని మనిషిగా ఉండమని దానర్థం.

మా వార్డుల్లో ఒక అలవాటు ఉండేది. రాత్రి మూడు గంటలకు థర్మామీటర్ పెట్టకుండానే చార్టులో 98.6 అని రాసేయడం. రోగి నిద్రపోతున్నాడు, జ్వరం లేనట్టే ఉంది, ఎవరికి నష్టం అని. నా కింద కొత్తగా చేరిన పిల్లలకు నేను మొదట చెప్పేది ఇదే, చూడనిది రాయవద్దు. పొద్దున డాక్టర్ ఆ అంకెను నమ్మి మందు రాస్తాడు. నీ ఆఫీసులో పొద్దున కాల్‌లో "అయిపోయింది" అని చెప్పే పని నిజంగా అయిపోయి ఉండాలి. అవకపోతే అవలేదని, ఎందుకు అవలేదో, ఎప్పటికి అవుతుందో చెప్పు. ఒకటి రెండుసార్లు మాట పడతావు. తర్వాత నీ మాట మీద ఆనుకుని పని చేసుకోవడం వాళ్లకు అలవాటవుతుంది.

ఇంకా పెద్ద పరీక్ష ఎదురవుతుంది, ముందే చెప్తున్నాను. మనవాళ్లలోనే ఎవరో ఒకరు వచ్చి లేని ఎక్స్‌పీరియన్స్ ఉన్నట్టు కాగితం కావాలనో, వాళ్ల బదులు నువ్వు ఇంటర్వ్యూలో కూర్చోవాలనో అడుగుతారు. ఇంట్లో అప్పులున్నాయి అంటారు, అది నిజమే అయ్యుంటుంది. అప్పుడు లెక్చర్ ఇవ్వకు. "ఆ పని నేను చేయలేను" అని ఒక్క మాట చెప్పి, వెంటనే "శనివారం వచ్చి కూర్చో, ఇంటర్వ్యూకి నేను ప్రిపేర్ చేయిస్తాను" అను. కాదన్న చోట ఆగిపోతే నీకు నీతి మిగులుతుంది, వాళ్ల కష్టం అలాగే ఉంటుంది. బాప్తిస్మమిచ్చే యోహాను దగ్గరికి పన్ను వసూలు చేసే సుంకరులు, సైనికులు వచ్చి మేమేం చేయాలని అడిగినప్పుడు ఉద్యోగం మానేయమని చెప్పలేదు ఆయన. నిర్ణయించిన దానికన్నా ఎక్కువ వసూలు చేయొద్దు, ఎవరినీ బెదిరించి తీసుకోవద్దు, జీతంతో తృప్తిపడండి అన్నాడు. లూకా మూడో అధ్యాయంలో ఉంది, నీ చదువులో త్వరలోనే వస్తుంది. పంతొమ్మిదిలో సుంకరుల పెద్ద జక్కయ్య వస్తాడు. ఆయనకు రక్షణ వచ్చిన రోజే లెక్కల పుస్తకం తెరిచి అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. కిందటేడు కూడా ఇలాంటి రసీదు ఏదైనా పెట్టి ఉంటే నాతో చెప్పు, సరిచేసుకునే దారి చూద్దాం. తిడతానని భయపడకు.

మన ఒంగోలు సంఘాల పుట్టుక నీకు సండే స్కూల్లో చెప్పే ఉంటారు. 1876లో మొదలైన కరువులో అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని కాంట్రాక్టుగా తీసుకుని, తిండిలేని జనానికి కూలి పని చూపించాడు. బోధకులే మేస్త్రీలుగా నిలబడ్డారు. కరువు సాయం కోసమే జనం వచ్చారన్న మాట రాకూడదని, ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఇవ్వడం ఆపేశాడు కూడా. కరువు తీరాక 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అందరం ఆ అంకె చెప్పుకుని గర్వపడతాం. నాకైతే దానికి ముందున్న కాలువ గట్టు ఎక్కువ ఇష్టం. కూలి మనిషిని ఎలా చూశారో, చేతిలో డబ్బు ఎలా పెట్టారో జనం అక్కడ కళ్లారా చూశారు.

మీ పీజీలో గిన్నెలు తోమే ఆవిడ పేరేంటి? తెలియకపోతే ఈ రాత్రే అడుగు. కన్నడం నాలుగు ముక్కలు నేర్చుకో. "ఊట ఆయ్తా అక్కా?" అని అడగడానికి క్లాసులకు వెళ్లక్కర్లేదు. ఊరి క్షేమం కోరడం అంటే కళ్లు మూసుకుని బెంగళూరును దీవించు ప్రభువా అనడం ఒక్కటే అయితే సులువే. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల కోసం జనం ఎలా కాచుకున్నారో ఇక్కడే లింగరాజపురంలో, మా వీధిలో చూశాను. బకెట్ నీళ్లు పొదుపు చేయడం కూడా ఆ ప్రార్థనలో భాగమే. రేపు నువ్వు సొంతంగా ఇల్లు తీసుకుని పనిమనిషిని పెట్టుకుంటే జీతం ఒకటో తారీఖున ఇచ్చెయ్. కూలివాని కూలి తెల్లవారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దని లేవీయకాండం 19లో ఉంది. మన ఇళ్లలో దేవునికిచ్చే దశమభాగం ముందే తీసి కవర్లో పెడతారు, పనిమనిషికి మాత్రం "ఎల్లుండి రా" అంటారు. అది ఎప్పుడు చూసినా నాకు బాధేస్తుంది.

ఆయుధ పూజ గురించి అడిగావు. ప్రతి ఏడూ వస్తుంది కాబట్టి తేల్చుకుని ఉండడం మంచిది. నేనైతే పూజలో నిలబడను, ప్రసాదం తీసుకోను. చేతులు జోడించి "నేను తీసుకోను, ఏమీ అనుకోవద్దు" అంటాను. ఇన్నేళ్లలో ఎవరూ నా మీద కోపం తెచ్చుకోలేదు. ఎవరైనా భోజనానికి పిలిస్తే వడ్డించింది ప్రశ్నలు వేయకుండా తినమనీ, ఇది అర్పించినది అని ఒకరు చెప్తే ఆ చెప్పినవాని మనస్సాక్షి కోసం తినవద్దనీ పౌలు కొరింథీయులకు రాశాడు. అది తీసుకోవడంలో తప్పు చూడని విశ్వాసులూ ఉన్నారు, వాళ్లను నేను తీర్పు తీర్చను. కానీ ఒకటి మాత్రం గట్టిగా చెప్తాను, ఎవరి దేవుళ్లనూ చులకన చేసే ఫార్వర్డ్‌లు పంపకు, అలాంటి జోకులకు నవ్వకు. ఎఫెసు పట్టణంలో పౌలు బోధ మీద అంత గొడవ జరిగినప్పుడు ఆ ఊరి కరణమే లేచి, వీళ్లు మన దేవతను దూషించలేదు అని సాక్ష్యం చెప్పాడు. పౌలుతో ఉన్నవాళ్లు అంత మర్యాదగా బతికారు. క్రిస్మస్‌కి అందరికీ కేక్ తీసుకెళ్లు. నీ రూమ్మేట్‌కి డెంగ్యూ వస్తే రాత్రంతా కూర్చో.

రూమ్మేట్ అంటే గుర్తొచ్చింది, ఆ అమ్మాయితో ఏసీ గురించి గొడవపడి మూడు వారాలుగా మాట్లాడడం లేదని మీ అమ్మ చెప్పింది. ప్రభువు బల్ల తీసుకునే ఆదివారానికి ముందే వెళ్లి మాట్లాడు. కానుక బలిపీఠం దగ్గర వదిలేసి ముందు సహోదరునితో సమాధానపడమన్నాడు ఆయన. తప్పు ఎవరిదో తేలేదాకా ఆగమనలేదు.

సంఘం విషయంలో తొందరపడి ఎక్కడ పాటలు బాగుంటే అక్కడికి తిరగకు. నిన్ను పేరుపెట్టి పిలిచే చిన్న తెలుగు సంఘం ఒకటి చూసుకుని అక్కడే ఉండు, పిల్లలకు సండే స్కూల్ చెప్పు. కొత్తగా వెళ్లినప్పుడు కొందరు ఇంటిపేరేంటి, ఏ పల్లె అని కూపీ లాగుతారు. ఎందుకడుగుతారో నీకూ తెలుసు, నాకూ తెలుసు. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడిని ముందు కూర్చోబెట్టి పేదవాడిని నిలబెడితే పాపం అని యాకోబు రాశాడు. మనవాళ్లు ఉంగరం బదులు కులం చూస్తున్నారు. నీకు సంబంధాలు చూసేటప్పుడు కూడా ఇదే మాట మీ నాన్నతో అంటాను, నువ్వు నా పక్కన నిలబడాలి. ఫోన్ పే నంబర్ పెట్టి, ఇంత విత్తితే అంత కోస్తావు అనేవాళ్లకు రూపాయి పంపకు. ఆ డబ్బు ఊళ్లో చదువుకుంటున్న మన పిల్లలెవరికైనా ఫీజు కట్టు, కట్టినట్టు ఎవరికీ చెప్పకు.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక లింగరాజపురం వచ్చెయ్. రూమ్మేట్‌ని కూడా తీసుకురా. ఆ అమ్మాయి శాకాహారి అట కదా, ఆ రోజు చికెన్ చేయను. పప్పుచారు, గోంగూర, వంకాయ కూర చేస్తాను. వచ్చేటప్పుడు పీజీ అద్దె కట్టిన స్క్రీన్‌షాట్లు అన్నీ తెచ్చుకో, భోజనాలయ్యాక మీ పెదనాన్న కూర్చుని అవన్నీ వరసగా రాయిస్తారు.

మీ పెద్దమ్మ