గుర్తుండే గట్టి పాస్‌వర్డ్: మా అమ్మకు కుదిరిన పద్ధతి

“ప్రతి సైటుకూ వేరే పాస్‌వర్డ్ పెట్టమంటారు, అన్నీ ఎలా గుర్తుంటాయి?” అని ఒకరు అడిగారు. అన్నీ గుర్తుండక్కర్లేదండీ. మెయిల్‌కు ఒకటి, పాస్‌వర్డ్ మేనేజర్‌కు (పాస్‌వర్డ్‌లన్నీ మన బదులు గుర్తుపెట్టుకునే యాప్) ఒకటి గట్టివి పెట్టుకుని, మిగతావన్నీ ఆ మేనేజర్‌కే వదిలేయండి.

నల్లకుంటలో ఉండే మా అమ్మ అన్నిచోట్లా నాన్న పేరు, పెళ్ళయిన సంవత్సరం కలిపి పెట్టేది. ఎప్పుడో చీర కొన్న ఓ చిన్న సైటు నుంచి పాస్‌వర్డ్‌లు బయటికి పోయాయి. దాంతోనే ఎవరో ఆవిడ మెయిల్‌లోకి దూరారు. మెయిల్ పోతే మిగతా ఖాతాల పాస్‌వర్డ్‌లు మార్చే లింకులూ వాళ్ళకే వెళ్తాయి. ఆ రాత్రి అమ్మ అన్నం తినలేదు.

అప్పుడే డైస్‌వేర్ గురించి చదివాను. 1995లో ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ చెప్పిన పద్ధతి అది. పాచిక ఐదుసార్లు వేస్తే 7,776 మాటల జాబితాలోంచి ఒక మాట వస్తుంది. ఆ ఇంగ్లీషు మాటలు అమ్మకు నోరు తిరగలేదు. అందుకని ఇద్దరం కూర్చుని పాత నోట్‌బుక్కులో 1,296 తెలుగు మాటలు రాశాం, నాలుగుసార్లు వేస్తే ఒకటి వచ్చేలా. గరిటె, పందిరి, గొళ్ళెం, చింతపండు, అన్నీ ఇలాంటివే. పిల్లల లూడో పాచికతో ఐదు మాటలు తీశాం, ఆ ఐదూ వరసగా కలిపితే అదే పాస్‌వర్డ్. ఆ నోట్‌బుక్కే దొంగ చేతిలో పడినా, వాడు 3,600 లక్షల కోట్లకు పైగా కలయికలు వెతకాలి.

వచ్చిన మాట నచ్చలేదని అమ్మ మళ్ళీ వేయబోయింది, నేను ఒప్పుకోలేదు. మనం ఎంచుకోవడం మొదలుపెడితే చెయ్యి దేవుడి పేర్ల మీదికో పిల్లల పేర్ల మీదికో పోతుంది. పద్యపాదం పెట్టుకోమని చాలామంది చెప్తారు, అదీ వద్దు. అందరికీ వచ్చిన పద్యం దొంగకూ వస్తుంది.

మాకు అసలు చిక్కు స్పెల్లింగు దగ్గర వచ్చింది. ‘వంకాయ’ను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేటప్పుడు అమ్మ ‘కా’కు ఒకరోజు ఒక ‘ఏ’ పెట్టేది, మర్నాడు రెండు. ఖాతా తెరుచుకోక కంగారుపడేది. దీర్ఘానికైనా ఒకటే అక్షరం అని నియమం పెట్టుకున్నాక ఆ గొడవ పోయింది. మెయిల్‌కు రెండంచెల వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ కొట్టాక ఇంకో రుజువు కూడా అడిగే ఏర్పాటు) కూడా పెట్టాం, మీరూ తప్పకుండా పెట్టండి.

ఆ ఐదు మాటలతో అమ్మే ఓ చిన్న కథ అల్లుకుంది. వారం రోజులు పొద్దున కాఫీ తాగగానే నా ముందు ఒకసారి టైపు చేసేది. ఎనిమిదో రోజు ఆ మాటలు రాసుకున్న చీటీ చూడకుండా కొట్టేసింది. ఆ చీటీ ఇప్పుడు బీరువాలో నగల పెట్టె కింద ఉంది.